యాభై మూరలు

సండర్లాండ్‌లో మా సంఘానికి సొంత గుడి లేదు.
మెథడిస్టుల హాలు, ఆదివారం రెండింటి నుంచి నాలుగింటి దాకా,
గంటకు ఇరవై రెండు పౌండ్లు.
రసీదు నా పేరు మీదే, తాళంచెవి నా జేబులోనే.
నేను లోపలికొస్తే కుర్చీలు కిర్రుమంటాయి,
అందరూ లేస్తారు.
లేవమని నేనెప్పుడూ అనలేదు. ఆ మాట రాసి పెట్టుకోండి.

జీవరత్నం లేవలేదు.
మొదటి వారం చూడలేదేమో అనుకున్నాను.
రెండో వారం చూశాడు.
"వందనాలండి" అన్నాడు కూర్చునే,
చేతిలో బిస్కెట్టు, ఒళ్ళో ఎవరిదో పసిపిల్ల.
మూడో వారానికి
ముప్పై ఎనిమిది మంది లేచిన చప్పుడు నాకు వినపడ్డం మానేసింది.
విరిగిన పన్ను దగ్గరికి నాలుక పోయినట్టు
పాట మధ్యలో, ప్రార్థన మధ్యలో
ఆ ఒక్క కుర్చీ దగ్గరికే పోయేవాణ్ణి.

టీ దగ్గర అడిగాను, నవ్వుతూనే.
"మీదే ఊరు?"
"తెనాలి పక్కనండి."
"పక్కనంటే?"
చెప్పాడు.
"ఊళ్ళోనా, పేటలోనా?"
పంచదార కలుపుతున్న చెంచా ఆగింది.
ఈ ప్రశ్న సముద్రం దాటి వస్తుందని
అతనికి ముందే తెలిసినట్టుంది.
"పేటలోనే."

అప్పటిదాకా నా కోపం ఒక్కడి మీద.
ఆ సాయంత్రం వేర్ నది వంతెన దాటేసరికి
అది ఒక పేటంత అయింది.
మా తాత ప్రభురాత్రి భోజనానికి కూడా
ఇంటి నుంచి తన గ్లాసు తాను తీసుకెళ్ళేవాడని
నాన్న గొప్పగా చెప్పేవాడు.
ఆ గ్లాసు ఎప్పుడో పోయిందనుకున్నాను.
నా చేతిలోనే ఉంది.

మా ఆవిడ చపాతీలు కాలుస్తూ, ఇటు తిరక్కుండానే అంది,
"వాడి వీసా ఆ కేర్‌హోమ్ వాళ్ళ చేతిలో ఉందిగా.
ఒక్క ముక్క రాసి పడేయండి, నిద్రన్నా పడుతుంది."
రాశాను. డ్యూటీలో పడుకుంటాడని,
ముసలివాళ్ళ పర్సులు జాగ్రత్త అని.
పంపలేదు. డ్రాఫ్టుల్లో దాచి
రాత్రికో వాక్యం పెంచుతూ వచ్చాను.

డిసెంబరు మొదటి వారం సండేస్కూలు నా వంతు.
రాజు గుమ్మం దగ్గర ఒకడు లేవలేదని
ఏబది మూరల ఉరికొయ్య చేయించిన మంత్రి కథ.
పేరు పలకబోతే గొంతు పట్టేసింది.
"ఒక మంత్రి" అన్నాను.
కెజియా, ఏడేళ్ళది, చెయ్యెత్తింది.
"అంకుల్, అంత పొడుగెందుకు? మనిషి చిన్నగానే ఉంటాడు కదా?"
మూర అంటే ఎంతో చూపించమన్నారు.
చొక్కా మడిచి నా చెయ్యే చాపాను.
మోచేతి నుంచి వేలి కొస దాకా నూలుదారం కొలిచి, కత్తిరించి,
పిల్లలు నేల మీద పరుస్తూ పోయారు
ఒకటి, రెండు, మూడు...
గోడ తగిలింది. ఇంకా ముప్పై మిగిలాయి.

క్రిస్మస్ కూటంలో పాస్టరుగారు శాలువా నా చేతికిచ్చి
"ఈ ఏడు ఎవరికి కప్పుదామంటారు?" అన్నారు.
బూట్ల వైపు చూసుకుంటూ, వినయంగా,
"సంఘం భారం మోసినవాడికి" అన్నాను.
"అదే నేనూ అనుకున్నా. జీవరత్నానికి.
నవంబరులో పోయిన నర్సమ్మాయి పెట్టెను ఇంటికి పంపడానికి
న్యూకాజిల్ దాకా తలుపు తలుపూ తట్టాడు.
మీ చేత్తోనే కప్పండి."

అతను లేచాడు.
ఎనిమిది నెలలుగా నేను కోరింది అదే.
నాకంటే జానెడు పొడుగు.
శాలువా ఆ భుజాలకు అందించడానికి
మునివేళ్ళ మీద లేచింది నేను.
అందరూ చప్పట్లు కొట్టారు.
ఇన్నాళ్ళూ ఎందుకు లేవలేదో అడగలేదు.
అడిగితే కారణం ఉంటుందేమోనని భయం.

కోటు విప్పుతుంటే జేబులో నూలుదారం తగిలింది.
ఉత్తరం అలాగే ఉంది. చెరిపానని అబద్ధం చెప్పను.
తెర వెలుగులో, దర్జీ కొలత తీసినట్టు,
నా మూర దారాన్ని నా మెడకే చుట్టి చూశాను.
సరిగ్గా సరిపోయింది.